గృహవైద్యము : పీనసము

ఆదోని మార్కెట్టునకు పత్తి వచ్చు దినములలో జిన్నింగు మిల్లుల సమీపమున నివసించు ఇల్లాండ్రకు, ఎంత ఊడ్చినను గడపమీద దూదినూగు మరల పేరుకొనును. ఎమ్మిగనూరులో, 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఆ యూరిలో, మగ్గములున్న యిండ్లవారికి నూలుధూళి క్రొత్తది కాదు. ఈ ధూళియే పీనసము కాదు. ఇది ముక్కులోని పొరను రేపి వాపు తెచ్చును. ఆ వాపు వ్యాధికి దారి చూపును. కావున ఊడ్చుటకు ముందు నేలపై నీరు చిలుకరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మేలు.

మన చెక్కిళ్ల యెముకలలోను, కన్నుల నడుమను, కనుబొమ్మల పైనను గాలిగదులు గలవు. వాటిలో నూరు శ్లేష్మము సన్నని ద్వారముల గుండ ముక్కులోనికి వచ్చును. చెక్కిలిగదికి ఈ ద్వారము అడుగున గాక పైభాగమున నున్నది. తొట్టికి తూము అంచున పెట్టినట్లు! కంటికి కానరాని రోమములు శ్లేష్మమును పైకి త్రోయుచుండును. పడిశము పట్టి ద్వారము వాచిపోయినచో శ్లేష్మము లోపలనే నిలిచిపోవును. ముగ్గు పెట్టుటకు వంగినప్పుడు నొసలు బరువెక్కుట, పైదౌడ పండ్లు సలుపుట, వాసన తెలియకుండుట ఇందువలననే.

ఇట్టి పీనసము చాలవఱకు వైరసువలన కలుగునది. వారము, పదిదినములలో తానే తగ్గును. చీమిడి పచ్చబడినంతమాత్రాన మందుల అంగడికి పోయి యాంటీబయోటిక్ మాత్రలు కొనితెచ్చుట మేము గట్టిగా నిషేధింతుము. వైరసుపై అవి పనిచేయవు. పదిదినములైనను తగ్గకున్నను, తగ్గి మరల ముదిరినను, 102 డిగ్రీల జ్వరముతో మూడునాలుగు దినములు చీమువంటి చీమిడి వచ్చినను వైద్యునికి చూపవలయును.

ఇంట చేయదగిన ఉపచారములలో ఉప్పునీట ముక్కు కడుగుకొనుట శ్రేష్ఠము. ఒక నిమిషము తెర్లకాగి చల్లారిన గ్లాసెడు నీటిలో అర టీ చెంచా ఉప్పును, చిటికెడు వంటసోడాను కలుపవలయును. తల ప్రక్కకు వంచి, నోటితో ఊపిరి తీయుచు, పై ముక్కుపుటమున పోసి క్రింది పుటమునుండి జారనీయవలయును. కాచని కుళాయినీరు, బావినీరు ఎన్నడును కూడదు. నీటిలోని ఒక జాతి అమీబా ముక్కుగుండ మెదడును చేరుట మిక్కిలి యరుదు, చేరినచో ప్రాణాపాయము.

ఆవిరి పట్టుటవలన హాయి కొంత కలుగునేమో గాని రోగము కుదురదు. పసిబిడ్డలను సలసల కాగు గిన్నెకడ కూర్చుండబెట్టి దుప్పటి కప్పుటవలన ఒడలు కాలిన బిడ్డలెందఱో గలరు. పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్పించుట మన పెద్దల అలవాటే యైనను, వాచిన పొరకు ఏ పొగయైనను మంటయే. ముక్కు బిగువును క్షణములో విడిపించు చుక్కలమందును ఐదుదినములకు మించి వాడినచో, మందు మానగానే బిగువు మునుపటికంటె హెచ్చగును.

ఒక ప్రక్కనుండి మాత్రమే దుర్గంధముతో చీమిడి కారినచో పెద్దవారికి పైదవడ పంటివేరు చెడినదేమో చూపింపవలయును. పసివారికైనచో ముక్కులో చింతగింజయో, వేరుసెనగపప్పో దూరియుండవచ్చును. పుల్లతో కెలుకక వైద్యునిచే తీయింపవలయును.

కనురెప్ప వాచుట, ఒక వస్తువు రెండుగా కనబడుట, భరింపరాని తలనొప్పితో మెడ బిగియుట, మగతగా నుండుట, వీనిలో ఏ యొక్కటి తోచినను తెల్లవారువఱకు ఆగరాదు. మధుమేహము గలవారి విషయమున మఱియు జాగరూకత వలయును. 2021లో కోవిడు వెనువెంట వచ్చిన నల్లబూజు జబ్బు ఈ గాలిగదులలోనే మొదలై కన్నులకు ప్రాకినది. అట్టివారికి చెక్కిలి మొద్దుబారినను, ముక్కులోగాని అంగిటిలోగాని నల్లని మచ్చ కనబడినను, ఆనాడే చెవి, ముక్కు, గొంతు వైద్యుని కడకు కొనిపోవలయును; కర్నూలు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఆ విభాగము గలదు.