అడ్వాన్సు కట్టేముందు చెట్టు గీద్దాము



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో మన తమ్ముడొకడు లాప్‌టాప్ తెరిచి, కల్యాణమండపం స్థలం లెక్క చూపించినాడు. చివరి గడిలో 4 లక్షల లాభం అని వచ్చింది. సగంమంది వెంటనే చేతులెత్తినారు. మా వయసువాళ్ళు కొందరు "కంప్యూటరు లెక్క మనకెందుకయ్యా" అని లేచిపోయినారు. రెండూ తప్పే అని మేము అనుకుంటున్నాము.

మేము అరవ బడిలో చదివి, రైల్వే గూడ్సు ఆఫీసులో లెజర్లు రాసినవాళ్ళము. తెలుగు రాత మన సంఘం తరగతిలోనే నేర్చుకున్నాము. తెలుగులో తప్పులుంటే మన్నించండి. లెక్కలో తప్పుంటే మాత్రం తప్పక చెప్పండి.

విషయం ఇది. స్థలం ధర 40 లక్షలు. ఇప్పుడు 2 లక్షలు అడ్వాన్సు ఇస్తే, సంవత్సరం వరకు ధర పెంచకుండా మనకోసం ఉంచుతానంటున్నాడు యజమాని. కొన్నా కొనకపోయినా ఆ 2 లక్షలు ఆయనవే, ధరలో తగ్గించడు. ఆ హక్కును మనం వేరేవాళ్ళకు అమ్మడానికీ లేదు. షేరు మార్కెట్టులో ఆప్షన్ అనేది ఇలాంటిదే: కొనే హక్కు ఉంటుంది, కొనితీరాలనే కట్టుబాటు ఉండదు.

దీనికి తమ్ముడు ఎక్సెల్‌లో డెసిషన్ ట్రీ గీసినాడు. మనం తీర్మానించేచోట చదరం, మన చేతిలో లేనిచోట సున్న. కొత్త రోడ్డు వస్తే స్థలం 50 లక్షలు, రాకపోతే 35 లక్షలు. వచ్చే అవకాశం 60 శాతం. వస్తే మనకు 10 లక్షలు మిగులు. రాకపోతే 40కి కొనము, మిగిలేది ఏమీ లేదు. 10 లక్షలలో 60 శాతం 6 లక్షలు, అడ్వాన్సు పోతే 4. కూడికలో తప్పు లేదు.

కానీ ఆ 60 ఎక్కడినుండి వచ్చింది? అడిగితే "టీ అంగడిలో అందరూ అంటున్నారు మామా" అన్నాడు. అదే గడిలో 20 వేయమన్నాము. లాభం సున్న అయిపోయింది.

షేర్లకు ఈ తంటా లేదు. 1979లో కాక్స్, రాస్, రూబిన్‌స్టైన్ అనే ముగ్గురు ఆప్షన్ల ధరకు ఇలాంటి చెట్టు లెక్కే ఇచ్చినారు. షేరు ఇప్పుడు 100 రూపాయలు, సంవత్సరానికి 120 లేదా 90, వడ్డీ 5 శాతం అనుకుంటే, 100కి కొనే హక్కు విలువ 9 రూపాయల 52 పైసలు. పెరిగే అవకాశం ఎంతని ఎవరూ ఊహించనక్కరలేదు. కొంత షేరు కొని, కొంత అప్పు తీసుకుంటే అదే రాబడి వస్తుంది కాబట్టి. స్థలాన్ని అలా ముక్కలుగా కొని అమ్మలేము. అందుకే మన చెట్టులో మన ఊహే లెక్క నడిపిస్తుంది.

ఇంకొక కొమ్మ ఆ చెట్టులో లేనేలేదు. సంవత్సరంలోగా 40 లక్షలు వసూలవుతాయా? కాకపోతే రోడ్డు వచ్చినా మన హక్కు ఉత్త కాగితమే. వసూలుకు సగం అవకాశం అని వేస్తే 4 లక్షల లాభం 1 లక్షకు దిగింది. రోడ్డు 40 శాతం అంటే అదీ లేదు. ఆ 2 లక్షలో, పిల్లల చదువు సాయానికి దాచిన నిధినుండి తీయాలంటున్నారు!

అయినా ఈ చెట్టును తోసేయకూడదు. బేరానికీ పనికొస్తుంది. అడ్వాన్సును ధరలో తగ్గించుకోమని అడిగి చూద్దాము. ఒప్పుకుంటే రోడ్డు వచ్చినప్పుడు మిగిలేది 12 లక్షలు. పై లెక్కలో 1 లక్ష లాభం 1 లక్షా 60 వేలు అవుతుంది.

కాబట్టి మా మనవి నాలుగు మాటలు. ఆ షీటు సభ్యులందరికీ పంపండి. ఊహించి వేసిన ప్రతి గడి పక్కన కారణం రాయండి. రోడ్డు సంగతి టీ అంగడిలో కాదు, సంబంధించిన ఆఫీసుకు పోయి అడిగి రండి. అడ్వాన్సు కట్టకముందే ఎవరెంత ఇస్తారో రాయించుకోండి. మా వంతు మేము ఈ ఆదివారమే రాసిస్తాము.

ఆ తరువాత చేతులెత్తుదాము. చివరి గడి చూసి కాదు, ఒక్కొక్క కొమ్మా చూసి.