మైక్రోపైథాన్ స్లోగా ఉందా? మొత్తం సి లో రాయక్కర్లేదు!

రాస్ప్‌బెర్రీ పై పికో మీద మైక్రోపైథాన్‌తో ప్రాజెక్ట్ మొదలుపెట్టిన ఫ్రెండ్స్ కొన్నాళ్లకే అనే మాట: "ఇది స్లో బ్రో, మొత్తం సి లో రాసేద్దాం." ఇది తొందరపాటు అని నా అభిప్రాయం.

బటన్ చదవడానికి, సెన్సర్ రీడింగ్ తీసుకోవడానికి మైక్రోపైథాన్ స్పీడ్ సరిపోతుంది. ఇబ్బందల్లా వేల సార్లు తిరిగే లూప్‌తోనే. ఉదాహరణకి ఆడియో ఫిల్టర్, డిస్‌ప్లేకి పంపే పిక్సెల్స్ లెక్క. అక్కడ ఇంటర్‌ప్రెటర్ ప్రతి రౌండ్‌లోనూ బైట్‌కోడ్ చదవాలి, టైప్ చూసుకోవాలి.

కాబట్టి ముందు టిక్స్_యూఎస్ తో టైమ్ కొలవండి. స్లోగా ఉన్న ఆ ఒక్క ఫంక్షన్‌కి నేటివ్ లేదా వైపర్ డెకరేటర్ పెట్టి చూడండి. అదీ చాలకపోతేనే సి మాడ్యూల్ జోలికి వెళ్లండి.

ఎందుకంటే సి కి ఖర్చుంది. సాధారణంగా ఫర్మ్‌వేర్ మళ్లీ బిల్డ్ చేసి ఫ్లాష్ చేయాలి. పైథాన్‌లో తప్పు చేస్తే లైన్ నంబర్‌తో ఎర్రర్ వస్తుంది. సి లో పాయింటర్ తప్పితే బోర్డే హ్యాంగ్ అయిపోవచ్చు. ఇంకో చిక్కు గార్బేజ్ కలెక్టర్. పైథాన్ ఆబ్జెక్ట్‌ని సి స్టాటిక్ వేరియబుల్‌లో దాచి, రూట్ పాయింటర్‌గా రిజిస్టర్ చేయకపోతే అది దానికి కనపడదు. ఆ మెమరీని వేరేవాళ్లకి ఇచ్చేస్తుంది. క్రాష్ ఎప్పుడో, సంబంధం లేని చోట వస్తుంది. వెతకడం నరకం.

అందుకే సి ఫంక్షన్ చిన్నగా ఉంచండి: బఫర్ తీసుకోవాలి, లెక్క చేయాలి, రిజల్ట్ ఇవ్వాలి. ఆబ్జెక్ట్‌లేవీ దాచుకోకూడదు. బటన్లు, మెనూలు, సెట్టింగ్స్ అన్నీ పైథాన్‌లోనే ఉంటే, రేపు ఫీచర్ మార్చాలన్నా ఫైల్ సేవ్ చేసి బోర్డ్ రీసెట్ చేస్తే చాలు.