మోగని హెచ్చరిక

మధుమేహ రోగులలో కొందరు చర్మముపై అమర్చుకొను గ్లూకోజు సెన్సారు, రక్తములో చక్కెర పడిపోయినప్పుడు స్మార్ట్‌ఫోను ద్వారా హెచ్చరించును. ఫోను సాఫ్ట్‌వేరు అప్‌డేట్ అయిన పిమ్మట ఈ హెచ్చరికలు వినబడకపోవచ్చునని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025 ఫిబ్రవరిలో రోగులను జాగ్రత్తపరచినది. నిద్రలో చక్కెర పడిపోయినవానికి ఆ ఒక్క మోతయే రక్ష. కెమెరాకు క్రొత్త సొగసులు దిద్దుచు ఆ మోతను ఆపివేయు మార్పును నేను అభివృద్ధి అనజాలను. జ్వరము తగ్గించి ఆకలిని చంపు మందును మన వైద్యులు మెచ్చుదురా?

అప్‌డేట్‌లను బొత్తిగా మానుట తగదు. భద్రతా లోపములను సవరించునవియు వానిలోనే వచ్చును. కాని అవి తమంత తామే జరుగకుండ సెట్టింగులలో నిలిపివేసి, పగటిపూట చేసికొని, వెంటనే అలారము, శబ్దము, బ్లూటూత్ సరిచూచుకొనవలెను. ఇంత శ్రమ రోగికేల? మోత ఆగిన పక్షమున పాత సాఫ్ట్‌వేరునకు మరలు వీలును తయారీదారులే కల్పించవలెను.