వేలు పట్టేస్తే సూదికి జంకడమెందుకు?

పొద్దున్నే గ్లాసు అందుకోబోతే ఉంగరం వేలు ముడుచుకునే ఉంటుంది. రెండో చేత్తో లాగితే టక్‌మని తెరుచుకుంటుంది, ప్రాణం విలవిల్లాడుతుంది. ఇదే ట్రిగ్గర్ ఫింగర్. 50 దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తే, షుగర్ ఉన్నవాళ్లలో 10 మంది దాకా దీని బారిన పడతారు.

నొప్పి కణుపులో తెలిసినా అసలు తిప్పలు వేలి మొదట్లో, అరచేతి వైపు ఉంటాయి. వేలిని మడిచే టెండన్ అక్కడ ఒక చిన్న పట్టీ కింద నుంచి జారుతూ ఉంటుంది. పట్టీ మందమెక్కి, టెండన్ మీద చిన్న గడ్డ కట్టిందంటే అది పట్టీ దగ్గర ఇరుక్కుపోతుంది. ఆ గడ్డ సంగతి ఫ్రెంచి వైద్యుడు నోట్టా 1850లోనే రాశాడు. డాక్టరు అక్కడ నొక్కిపట్టి వేలు మడవమంటే గడ్డ కదలడం చేతికి తెలుస్తుంది. స్కాన్లు చాలావరకు అక్కర్లేదు.

దీనికి చికిత్సగా స్టెరాయిడ్ ఇంజక్షన్ అనగానే చాలామంది చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. మోకాళ్ల నొప్పులకూ ఆయాసానికీ ఏ మందో చెప్పకుండా స్టెరాయిడ్లు పొడిచే వైద్యం మన ఊళ్లకు కొత్త కాదు. నెలల తరబడి స్టెరాయిడ్ బిళ్లలు మింగితే ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి. కానీ వేలి మొదట్లో వేసే మందు ఒక మిల్లీలీటరు అటూ ఇటూ. పని ముఖ్యంగా అక్కడే. ఒక్క సూదితోనే సగం మందికి పైగా నెమ్మదిస్తుంది, అదీ కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల్లో. దానికి జంకి బామ్ రాసుకుంటూ నెలలు గడిపితే కణుపు వంగినచోటే బిగుసుకుపోవచ్చు.

షుగర్ ఉన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లలో ఈ సూది అంత బాగా పనిచేయదు, పైగా నాలుగైదు రోజులు షుగర్ పెరుగుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో పరీక్షించుకోవాలని ముందే చెప్పడం వైద్యుడి బాధ్యత. చెప్పకుండా పంపేయడం అన్యాయం.

అదే వేలికి నాలుగోసారి, ఐదోసారి సూది వేయడమూ తగదు. అరుదుగానైనా టెండన్ తెగే ప్రమాదముంది. రెండు మూడు సార్లకు లొంగకపోతే ఆపరేషనే దారి. చేతివరకే మత్తిచ్చి పట్టీని కోస్తారు, సాధారణంగా పావుగంట పని. వేళ్లు ఆ రోజు నుంచే కదిలించమంటారు.