పేరులో ఆవు, పొలంలో మంద

2016 జూన్‌లో ఒక మూగజీవి కారణంగా కేంద్ర మంత్రివర్గంలోని ఇద్దరు సభ్యులు బహిరంగంగా వాదులాటకు దిగారు. బిహార్‌లోని మొకామా ప్రాంతంలో కొద్ది రోజుల వ్యవధిలో 200కు పైగా నీల్‌గాయ్‌లను కాల్చి చంపారు. నాటి మహిళా, శిశు అభివృద్ధి మంత్రి మేనకా గాంధీ అందుకు ఆగ్రహించి, పర్యావరణ శాఖకు జంతువులను చంపించాలన్న ఉబలాటం పట్టుకుందని విమర్శించారు. పంటలు పోతున్నాయని రాష్ట్రం కోరితేనే చట్ట ప్రకారం అనుమతి ఇచ్చామని ఆ శాఖ మంత్రి ప్రకాశ్ జావడేకర్ సమాధానమిచ్చారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జూన్ 20న వెకేషన్ బెంచ్ స్టే ఇవ్వడానికి నిరాకరించింది. ఆ తుపాకులు పట్టుకుని మొకామా వెళ్లింది మన హైదరాబాద్‌కు చెందిన నవాబ్ షఫత్ అలీ ఖాన్ బృందమేనన్న విషయం తెలుగు పాఠకుల్లో కొందరికైనా గుర్తుండవచ్చు.

వారం తిరిగేసరికి పత్రికలు ఆ వివాదాన్ని మరిచిపోయాయి. మంద మాత్రం పొలాన్ని మరిచిపోలేదు. పదేళ్లు కావస్తున్నా దేశంలో ఏ పొలంలో ఎన్ని జంతువులు ఉండవచ్చు, ఎన్నింటిని తగ్గించాలి, ఎవరు తగ్గించాలి అన్న ప్రశ్నకు ఢిల్లీ దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా అనుమతి పత్రాలు, వాటి చుట్టూ భావోద్వేగాలు.

ఈ జంతువు పేరులోనే మన రాజకీయం ఉంది. హిందీలో అది నీల్‌గాయ్, అంటే నీలి ఆవు. బిహార్ పల్లెల్లో దాన్నే ఘోడ్‌పరాస్ అంటారు; అందులో వినిపించేది గుర్రం. గుజరాతీలు రోఝ్ అంటారు. తెలుగువారు మనుబోతు అన్నారు. దున్నపోతులో, మేకపోతులో ఉన్న పోతే ఇక్కడా ఉంది. జంతుశాస్త్రం ప్రకారం అది ఆసియా ఖండంలోకెల్లా పెద్ద యాంటిలోప్. ఒక భాషలో ఆవుగా, మరో భాషలో గుర్రంగా, ఇంకో భాషలో పోతుగా పిలిపించుకునే ప్రాణికి ఏ పేరు దక్కిందన్న దాన్ని బట్టి రక్షణ లభించడం విచిత్రం. గాయ్ అన్న మాటను తప్పించి వేరే పేరు పెడితే గానీ కాల్చడానికి జనం ఒప్పుకోరని ఉత్తరాది పాలకులు బాహాటంగానే చర్చించుకున్నారు. పేరు మారిస్తే తీరే సమస్య అయితే మన దేశంలో సమస్యలే ఉండేవి కావు.

గుజరాత్ పరిస్థితి చూద్దాం. అక్కడ ఉత్తర జిల్లాల్లో, సౌరాష్ట్రలో మనుబోతుల మందలు వేరుశనగను, పప్పుధాన్యాలను తొక్కి తింటాయి. దక్షిణాన సూరత్ జిల్లాలో నవాగామ్, కామ్రేజ్, బార్డోలీ చుట్టుపక్కల అంతా చెరకు. ఆ చెరకు అడవి పందికి ఇల్లు, చిరుతపులికి మరుగు. నగరంలో మరమగ్గాల మీద తరాలుగా బతుకుతున్న తెలంగాణ నేత కుటుంబాలకు ఈ బెడద కొత్తది కాదు. వారి సొంత ఊళ్లలోనూ పందులకు, కోతులకు భయపడి మక్క, పల్లికాయ వేయడం మానుకున్న రైతులు ఎందరో ఉన్నారు. సాగుచేసే భూమిని బీడు పెట్టడం ఏ ప్రభుత్వ లెక్కల్లోనూ పంట నష్టంగా నమోదు కాదు. విత్తనమే వేయకపోతే నష్టం ఎక్కడిది?

గుజరాత్ ప్రభుత్వం రెండు పనులు చేసింది. పంటను నాశనం చేసే మనుబోతును చంపడానికి అనుమతి ఇచ్చే అధికారాన్ని సర్పంచుల దాకా దించింది. ముళ్లతీగ కంచెకు సబ్సిడీ ఇచ్చింది. మొదటిది కాగితం మీదే మిగిలింది. గోవు పేరున్న జంతువును చంపించిన సర్పంచి అని అనిపించుకోవడానికి ఏ ఊరి పెద్ద సిద్ధపడతాడు? వచ్చే ఎన్నికల్లో ప్రత్యర్థికి అంతకంటే ఏం కావాలి? అధికారాన్ని కిందికి పంపడం వికేంద్రీకరణ అని మనం మెచ్చుకుంటాం కానీ, ఇక్కడ గాంధీనగర్ కిందికి పంపింది అధికారాన్ని కాదు, అపకీర్తిని. ఇక కంచె విషయం. పక్కపక్క రైతులు సమూహంగా ఏర్పడితేనే సబ్సిడీ వచ్చేది. ఆ నిబంధనను తర్వాత సడలించారు. అయితే కంచె మందను తగ్గించదు, పక్కకు నెడుతుంది. డబ్బున్నవాడి చేను చుట్టూ తీగ లేచిన రాత్రి ఆ మంద లేనివాడి చేనులో దిగుతుంది.

చట్టం ఏం చెబుతోంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కానీ 11వ సెక్షన్ ఒక తలుపు తెరిచి ఉంచింది. మనుషుల ప్రాణానికి గానీ, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదం కలిగించే జంతువును చంపడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు కారణాలు చూపి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్రం ఒక జంతువును నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జీవిగా ప్రకటించవచ్చు. 2015 డిసెంబరులో బిహార్ విషయంలో జరిగింది అదే. 2022 సవరణ తర్వాత మనుబోతు, అడవి పంది, చుక్కల జింక రెండో షెడ్యూలులో ఉన్నాయి. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది కనుక పంట తిన్నదన్న కారణంతో దానిపై చేయి వేయడానికి వీల్లేదు. మరో చిత్రం 39వ సెక్షన్‌లో ఉంది. వేటలో చనిపోయిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. బతికి పంట మేసినంత కాలం ఆ జీవి ఎవరి బాధ్యతా కాదు; చచ్చిన మరుక్షణం సర్కారు సొత్తు.

అంటే చట్టంలో వెసులుబాటు లేకపోలేదు. లేనిది లెక్క.

2025 ఆరంభంలో హర్యానా మంత్రివర్గం ఆమోదించిన నిబంధనలు దీనికి చక్కని ఉదాహరణ. వాటి ప్రకారం మగ మనుబోతులను మాత్రమే చంపడానికి అనుమతి ఇస్తారు. బిష్ణోయీలు దీనిపై నిరసన తెలిపారు. వారి నిరసనకు శతాబ్దాల నిష్ఠ ఉంది, దాన్ని గౌరవించాలి. ప్రభుత్వ తర్కం మాత్రం అర్థం కాదు. ఒక మగది అనేక ఆడవాటితో జతకడుతుంది. ఆడది తరచూ కవలలను ఈనుతుంది. పది మగవాటిని చంపినా మిగిలిన ఒకటి రెండు చాలు, మరుసటి ఏడాది మంద యథాతథం. ఆడదాన్ని ముట్టకూడదన్నది మంద లెక్క చూసి తీసుకున్న నిర్ణయం కాదు. ఓటు లెక్క చూసి తీసుకున్నది. ఆవును తాకలేదని ఒక వర్గానికి, కాల్పులకు అనుమతించామని మరో వర్గానికి చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. జంతువులు చస్తాయి, పంటా పోతుంది.

అమెరికాలో తెల్లతోక దుప్పులను అదుపులో ఉంచే పద్ధతిని ఇక్కడ పోల్చి చూడాలి. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో అంతరించే దశకు చేరిన ఆ జాతి ఇప్పుడు కోట్లలో ఉంది. ప్రతి రాష్ట్రంలోనూ వన్యప్రాణి శాఖ ఏటా మందను అంచనా వేసి, వేట కాలం నిర్ణయిస్తుంది. శరదృతువులో కొమ్ముల మగ దుప్పి కోసం వేటగాళ్లు ఉత్సాహపడతారు. డిసెంబరు, జనవరి నెలల్లో, సీజను చివర, మంద ఎక్కువగా ఉన్న చోట్ల కొమ్ములు లేని వాటికి, అంటే ఆడవాటికి, ప్రత్యేక అనుమతులు ఇస్తారు. గోడకు తగిలించుకోవడానికి కొమ్ములు దొరకని ఈ వేటే మందను నిజంగా తగ్గించేది. తుపాకులు, తూటాల మీద వేసిన పన్ను 1937 నాటి చట్టం కింద రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. మాంసం వేటగాడి వంటింటికి వెళ్తుంది. ఆ దేశంలో వేట సంస్కృతి మీద నాకు మమకారం ఏమీ లేదు. అక్కడి తుపాకీ రాజకీయం సంగతి లోకానికి తెలిసిందే. కానీ ఎన్ని ఉన్నాయి, ఏవి తగ్గాలి, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలను వారు క్రమం తప్పకుండా వేసుకుంటారు. అన్నట్టు, మన మనుబోతే 1930 ప్రాంతంలో టెక్సస్‌లోని కింగ్ రాంచ్‌కు చేరి అక్కడ విస్తరించింది. ఏ పేరూ, ఏ మొక్కూ లేని ఆ గడ్డ మీద అది వేట జంతువు, అంగట్లో మాంసం.

మన అనుమతుల కాలం ఎలా ఉంటుందో రైతును అడగండి. దరఖాస్తు, పంచనామా, అటవీ అధికారి పరిశీలన, షూటరు కోసం వెతుకులాట అన్నీ పూర్తయ్యేసరికి కోతలు ముగుస్తాయి. కాయ పాలు పోసుకునే వేళ కావలసిన అనుమతి గడ్డివామి వేశాక వస్తుంది. అప్పుడు చంపేది పంటను కాపాడటానికి కాదు, ఫైలు మూయడానికి. శిక్షణ, పర్యవేక్షణ లేకుండా ఆ పని చేయిస్తే ఏమవుతుందో 2019లో బిహార్‌లోని వైశాలి జిల్లా చూపించింది. తూటా తగిలినా ప్రాణం పోని మనుబోతును యంత్రంతో గోతిలోకి తోసి మట్టి కప్పిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. దాన్ని మంద నిర్వహణ అనలేం.

అనుమతి రానప్పుడు పొలం గట్టున అసలు వేట మొదలవుతుంది. మన తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసిన, ఎవరూ పైకి చెప్పని వేట అది. కరెంటు తీగ నుంచి కొక్కెం వేసి చేను చుట్టూ బైండింగ్ వైరు చుడతారు. పంది చస్తుంది. పందితో పాటు తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్లిన పక్కచేను రైతు చస్తాడు. మేకల కాపరి చస్తాడు. మంచిర్యాల జిల్లాలో 2019 ఆరంభంలో వెలుగు చూసిన పెద్దపులి మరణమూ పంది కోసం పెట్టిన ఇలాంటి ఉచ్చులోనే సంభవించింది. ఏ షెడ్యూలునూ చదవని ఈ తీగకు ఆడ, మగ తేడా లేదు, మొదటి షెడ్యూలు, రెండో షెడ్యూలు అన్న తేడా లేదు. లెక్క ప్రకారం జరిగే వేటను మనసొప్పక వద్దనుకున్న సమాజం లెక్కలేని ఈ చావులను చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. దీన్ని అహింస అనడానికి నాకు నోరు రావడం లేదు.

సంరక్షణవాదుల అభ్యంతరాల్లో బలమైనవి ఉన్నాయి. అనుమతి పత్రం ఒకటి ఉంటే దాని చాటున పది జింకలను కాల్చే ముఠాలు పుట్టుకొస్తాయన్నది ఒకటి. ఊరి కక్షల మధ్యకు తుపాకీ తేవడం ప్రమాదమన్నది మరొకటి. పులి, తోడేలు పోయాయి, పశువుల మేత పోరంబోకులు, గుజరాత్‌లో గౌచర్ భూములు, పరిశ్రమల పాలయ్యాయి, మరి మంద ఎక్కడికి పోవాలన్నది అన్నిటికంటే లోతైనది. అయితే ఈ చివరి వాదన మనుబోతు విషయంలో పూర్తిగా నిలవదు. అది దట్టమైన అడవిని కోరుకునే జీవి కాదు. తుప్పలు, బీళ్లు, పొలాలే దాని నెలవు. అడవి పెంచితే వెనక్కి పోయే రకం కాదు.

రైతును పక్కనపెట్టి చేసే సంరక్షణ చివరికి ఎవరిని రక్షించదో తెలుసుకోవడానికి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు చాలు. 1988లో బట్టమేక పక్షి కోసం అక్కడ అభయారణ్యం పెట్టారు. రక్షణ దొరికిన కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలపై పడ్డాయి. రైతులు అభయారణ్యాన్నే శత్రువుగా చూశారు. జింకలు మిగిలాయి, ఎవరి కోసం అదంతా మొదలైందో ఆ పక్షి కనిపించకుండా పోయింది. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరపు రైతులు ఇప్పుడు అదే జింకల గురించి అధికారులకు మొరపెట్టుకుంటున్నారు. మధ్యప్రదేశ్ 2025 అక్టోబరులో షాజాపూర్ ప్రాంతంలో హెలికాప్టర్‌తో మందలను తోలి, గరాటు ఆకారపు దొడ్డిలోకి మళ్లించి, 900కు పైగా జంతువులను తరలించింది. వాటిలో అత్యధికం కృష్ణజింకలు, మనుబోతులు కొన్ని పదులే. ప్రాణం తీయకుండా చేయగలిగిన పని కనుక మెచ్చుకోవలసిందే. కానీ హెలికాప్టర్ ఎన్ని తాలూకాలకు వెళ్తుంది? గర్భనిరోధక టీకాల పరిశోధనను కేంద్రం భారత వన్యప్రాణి సంస్థకు అప్పగించి ఏళ్లు గడిచాయి. ఏనుగు, కోతి, అడవి పంది, మనుబోతు ఆ జాబితాలో ఉన్నాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మంద పెరిగిన చోట రాష్ట్రమే లెక్కించాలి, రాష్ట్రమే తగ్గించాలి, ఆ నిర్ణయం కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి సంతకం ఉండాలి. సర్పంచి తల మీద పెట్టి తప్పుకోకూడదు. తగ్గించేది శిక్షణ పొందిన అటవీ సిబ్బంది కావాలి, పూత దశకు ముందే కావాలి, ఆడవాటిని మినహాయించే నాటకం ఆపాలి. కాల్చడం తమ విశ్వాసానికి విరుద్ధమని ఏ గ్రామసభ తీర్మానిస్తే అక్కడ కాల్చకూడదు. ఆ ఊరి పంట నష్టానికి పూర్తి పరిహారం ఖజానా నుంచి చెల్లించాలి. విశ్వాసం విలువ అందరిదీ అయినప్పుడు దాని ధర ఒక్క కౌలురైతు ఎందుకు కట్టాలి?

కేంద్రం 2025 నవంబరులో వన్యప్రాణుల వల్ల కలిగే నష్టాన్ని ఫసల్ బీమా పరిధిలోకి తెస్తామని, 2026 ఖరీఫ్ నుంచి అమలు చేస్తామని ప్రకటించింది. రైతు 72 గంటల్లోగా ఫోటోలు తీసి యాప్‌లో పెట్టాలి. ఏ జిల్లాల్లో, ఏ జంతువుల వల్ల నష్టమన్నది రాష్ట్రాలు ప్రకటించాలి. అంటే ప్రతి రాష్ట్రమూ ఇప్పుడు ఒక జాబితా రాయక తప్పదు. గుజరాత్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో ఏం రాస్తాయో, దాని పక్కన మందల లెక్క జత చేస్తాయో లేదో రానున్న శాసనసభ సమావేశాల్లో ప్రతిపక్షాలు అడగవచ్చు. పత్రం వేసిన కౌలురైతు పేరు మీద ఆ బీమా వస్తుందా అన్నది కూడా అదే రోజు అడగాలి.