చెత్త ఉత్తరాలు - విద్యార్థుల బాధ్యత

నేడు కళాశాల ప్రవేశం మొదలుకొని ఉద్యోగ నియామకం వరకు విద్యార్థి భవిష్యత్తును నిర్ణయించే ఉత్తరాలు చాలావరకు ఈమెయిలు ద్వారానే వస్తున్నాయి. వాటి వెంటనే లాటరీ తగిలిందనీ, రుసుము చెల్లిస్తే ఉద్యోగం సిద్ధమనీ నమ్మబలికే ఉత్తరాలు కూడా వచ్చి పడుతున్నాయి. వీటినే స్పామ్ అంటున్నారు. మంచిని, చెత్తను వేరు చేసే పనిని ఫిల్టరుకు అప్పగించి మనం నిశ్చింతగా ఉన్నాము. ఈ నిశ్చింత తగదని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ బెడద నిన్న మొన్నటిది కాదు. 1978 మే నెలలో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ సంస్థ కంప్యూటర్ల ప్రచారానికై అర్పానెట్ మీద దాదాపు 400 మందికి పంపిన సందేశాన్ని మొట్టమొదటి స్పామ్‌గా పేర్కొంటారు. తరువాతి కాలంలో, ఫలానా మాట ఉంటే తోసివేయవలెనని మనుష్యులే నియమాలు వ్రాసి కంప్యూటరుకు ఇచ్చేవారు. మోసగాడు మాట మార్చగానే ఆ నియమం వ్యర్థమయ్యేది. అందువలన ఉదాహరణలను చూపి ఫిల్టరుకు నేర్పే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. దానికి పునాదిగా నిలిచిన వాటిలో ముఖ్యమైనది ఇంగ్లండు గణితవేత్త థామస్ బేయిస్ సిద్ధాంతం. ఆయన మరణానంతరం 1763లో అది ప్రచురితమైనది.

ఫిల్టరుకు 100 చెత్త ఉత్తరాలు, 100 మంచి ఉత్తరాలు చూపామనుకొందాము. ‘లాటరీ’ అనే మాట చెత్త ఉత్తరాలలో 40 చోట్ల, మంచి ఉత్తరాలలో ఒక్క చోట కనిపించినచో, ఆ మాటను బట్టి కొత్త ఉత్తరం చెత్త అయ్యే అవకాశం నూటికి 97కు పైమాటే. కాని ‘స్కాలర్‌షిప్పు’ అనే మాట రెండు వైపులా 20 చొప్పున ఉంటే అది ఏమీ తేల్చదు. ప్రభుత్వ శాఖ వాడే మాటనే మోసగాడు కూడా వాడుతున్నాడు గదా! అప్పుడు తక్కిన పదాల సాక్ష్యాన్ని కూడా కలిపి చూచి ఫిల్టరు తీర్పు చెప్పవలసి ఉంటుంది.

తీర్పులో రెండు విధాల పొరపాట్లు జరుగవచ్చు. చెత్త ఉత్తరం లోనికి వస్తే ఒక్క క్షణం విసుగు. మంచి ఉత్తరం చెత్తలో పడితే ఒక పేద విద్యార్థికి సంవత్సరమంతా నష్టం. చేటతో చెరిగే ఇల్లాలు రెండు తాలు గింజలు మిగిలినా సహిస్తుంది గాని, గట్టి గింజలను పెంటలో పోయదు. 2002లో ఈ పద్ధతిని విశేషంగా ప్రచారంలోకి తెచ్చిన అమెరికా ప్రోగ్రామరు పాల్ గ్రాహం మంచి ఉత్తరాలలోని మాటలను రెట్టింపుగా లెక్కకట్టినది ఇందుకే.

మరి ఫిల్టరుకు గురువు ఎవరు? మనమే. మోసపు ఉత్తరాన్ని స్పామ్ అని గుర్తించి తెలపడం ఎంత అవసరమో, చెత్తలో పడిన మంచి ఉత్తరాన్ని ‘ఇది స్పామ్ కాదు’ అని తెలపడం అంతకన్న ఎక్కువ అవసరం. జీమెయిలులో స్పామ్ పెట్టెలోని ఉత్తరాలు 30 దినాల తరువాత వాటంతటవే తొలగిపోతాయి. కనుక వారానికి ఒకసారైనా ఆ పెట్టెను పరిశీలించవలెను. మనమే కోరి తెప్పించుకొన్న పత్రికను విసుగుతో స్పామ్ అనడం ఫిల్టరుకు తప్పుడు పాఠం చెప్పడమే అవుతుంది. అక్కరలేనిచో దాని చందాను రద్దు చేసుకోవడమే సరియైన మార్గం.

మన కళాశాలకు సంబంధించిన విశేషం మరొకటి ఉన్నది. పదాలను బట్టి నేర్చుకొనే ఫిల్టరు తాను చూడని పదం గురించి ఏమీ చెప్పలేదు. ఉర్దూ, తెలుగు ఉత్తరాలను అరుదుగా చూచిన ఫిల్టరుకు ఆ భాషలలోని మంచి చెడ్డలు తెలియవు. మన భాషలలో ఉత్తరాలు వ్రాసుకొని, వాటిని సరిగా గుర్తించి చూపడం కూడా భాషాసేవయే.

కళాశాల కమిటీ వారికి రెండు విన్నపాలు. సంవత్సరారంభంలో కంప్యూటరు ప్రయోగశాలలో ఒక్క గంట ఈ విషయమై శిక్షణ ఇప్పించవలెను. ముఖ్యమైన ప్రకటనలను ఎల్లప్పుడూ కళాశాల చిరునామా నుండే, విషయాన్ని స్పష్టంగా తెలిపే శీర్షికతో పంపి, నోటీసు బోర్డు మీద కూడా అంటించవలెను.

యంత్రానికి వివేకం మన వద్ద నుండే రావలెను. మనం శ్రద్ధ వహించనిచో అది మన అశ్రద్ధనే నేర్చుకొంటుంది.