మొండి టీబీ: తప్పు ఎవరి ఖాతాలో?

మందులకు లొంగని క్షయను మన పత్రికలు 'మొండి టీబీ' అంటాయి. ఆ 'మొండి' అనే మాట రోగం మీద నుంచి మెల్లగా రోగి మీదకు జారుతుంది. మాత్రలు సరిగ్గా మింగడు, తాగుతాడు, మధ్యలో వదిలేస్తాడు అంటారు. ప్రభుత్వ రిజిస్టర్లు చాలాకాలం ఇలాంటి వారిని 'డిఫాల్టర్' అనే రాశాయి, బ్యాంకు అప్పు ఎగ్గొట్టిన వారిని రాసినట్టే. కానీ చికిత్స ఆగిన ప్రతిసారీ ఆపింది రోగేనా?

మామూలు టీబీకి కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. ఒక మందును తట్టుకున్న బ్యాక్టీరియాను మరొకటి చంపాలని వాటిని కలిపి ఇస్తారు. మధ్యలో మందులు తెగితే తట్టుకోగలిగినవే బతికి పెరుగుతాయి. ముఖ్యమైన ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండూ పనిచేయకపోతే దాన్ని ఎండీఆర్ టీబీ అంటారు. ప్రపంచంలోని ఇలాంటి కేసుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశంలోనే ఉన్నాయి.

మందులు ఎక్కడ తెగుతున్నాయో చూద్దాం. 2023లో టీబీ మందుల కొరత వార్తలను కేంద్రం ఖండించింది. 2024 మార్చిలో అదే కేంద్రం, సరఫరా ఆలస్యమవుతోంది, స్థానికంగా కొనుక్కోండని రాష్ట్రాలకు రాసింది. ఆ రోజుల్లో ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన కూలీ ఏ లెక్కన డిఫాల్టర్?

భూమి లేని దళిత కుటుంబాలు ఇటుక బట్టీలకు, కట్టడం పనులకు ఊరు దాటి పోతాయి. పేరు ఒక జిల్లా రిజిస్టర్‌లో, మనిషి మరో రాష్ట్రంలో. స్థానికత నిబంధన ఎంత దూరం పోగలదో పట్నాకు చెందిన 18 ఏళ్ల అమ్మాయి కేసు చూపింది. ఢిల్లీ నివాసి కాదని అక్కడి ఆసుపత్రిలో ఆమెకు బెడాక్విలిన్ ఇవ్వలేదు. 2017 జనవరిలో, హైకోర్టు దాకా వెళ్లాకే మందు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 2018లో ఆమె చనిపోయింది.

పైగా ఒక్క మాత్ర కూడా మానని వారికీ మొండి టీబీ రావచ్చు. అది గాలి ద్వారా సోకుతుంది. గాలి ఆడని ఒకే గదిలో అయిదారుగురు పడుకునే ఇళ్లలో దానికి దారి సులువు. ఆకలి తోడైతే ఇంకా సులువు. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన 'రేషన్స్' అధ్యయనంలో, రోగి కుటుంబానికి అదనపు ఆహారం ఇస్తే ఇంట్లో మిగతావారికి టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మన ప్రభుత్వమిచ్చే పోషణ భత్యం 2024 నవంబర్ నుంచి నెలకు 1000 రూపాయలు. అంటే రోజుకు 33. అదీ రోగి ఒక్కరి పేరు మీదే.

2024లో ఆమోదించిన నాలుగు మందుల చికిత్స మొండి టీబీని ఆరు నెలల్లో నయం చేయగలదు. అంతకుముందు 20 నెలల దాకా పట్టేది. వీటి సరఫరా కూడా తెగితే వీటికీ లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. అందుకే మేము అడిగేవి మూడు. ప్రతి ఆరోగ్య కేంద్రంలో మందుల నిల్వ ఎంతుందో బోర్డు మీద రాయాలి. వలస కూలీకి చిరునామా అడగకుండా ఎక్కడున్నా అక్కడే మందు ఇవ్వాలి. ఎవరు కోలుకున్నారు, ఎవరు పోయారు అన్నది కులం వారీగా ప్రచురించాలి. విద్యార్థి సంఘాలు సమాచార హక్కు దరఖాస్తులతో తమ జిల్లాలోనే ఈ పని మొదలుపెట్టవచ్చు.

2025కల్లా టీబీని అంతం చేస్తామన్న గడువు దాటిపోయింది. ఆ మాట ఇచ్చి తప్పిన వారిని రిజిస్టర్‌లో ఏమని రాద్దాం?